మూత తీయని పెన్ను

మశూచి ఇంకా పోని రోజులు. జైనూరు కొండల్లో గోండు గూడేలు తిరిగి, పరిశోధన చేసి వచ్చిన మనిషి కరీంనగర్‌లో నా పక్కగదిలో ఉండేవాడు. ఎవరైనా పేరు చెప్పబోతే జేబులోని పెన్నుకు మూత ఉందో లేదో తడిమి చూసుకునేవాడు.

చాయ్ తాగుతూ కారణం అడిగాను.

"ఒక గూడెంల పిల్లల పేర్లన్ని రాసుకున్న. నెల తిరగకముందే అమ్మతల్లి పోసి సగంమంది పోయిండ్రు. మల్ల పోతే ఒక ముసలవ్వ మనుమణ్ని కొంగుల దాచి, 'గీ ఒక్కడు మిగిలిండు సారూ, వీని పేరు రాయకు' అన్నది."

"రాస్తే చస్తరా? చదువుకున్నోనివి, గిదేం భయమే?" నవ్వాను.

"నాకెరుకే అన్నా. చెయ్యికే ఎరుకైతలేదు." వేళ్లు మళ్లీ పెన్ను మూతను తడిమాయి.

ఆయన గురించి పత్రికలో రాద్దామని నోట్‌బుక్ తీస్తే నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. "నా పేరు జర రాయకు."

ఇన్నేళ్లకు ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పేరు మాత్రం, రాద్దామంటే నాకూ చెయ్యి రావడం లేదు.