మొగిలమ్మ మోసిన నీళ్లు

ధర్మసాగర్‌లో పిండిగిర్ని నడిపే కట్టయ్య, డీజిల్ ఇంజను పక్కనున్న నీళ్లతొట్టిలో గంటకోసారి అరచేయి ముంచి వేడి చూసేవాడు. నీళ్లు కాగితే, భార్య మొగిలమ్మ బావి నుంచి చల్లనివి మోసుకొచ్చి పోసేది. ఇరవై ఏళ్ల మోతకు ఆమె నడుము ఒక పక్కకు ఒరిగిపోయింది. ఆ ఇంజను పూర్తిగా మొరాయించాక, కొత్తదాని కోసం ఇద్దరూ వరంగల్ వెళ్లారు. నీళ్లు అక్కర్లేకుండా గాలికే చల్లబడే ఇంజనును దుకాణదారు చూపించాడు. కట్టయ్య తల అడ్డంగా ఊపాడు.

"నీళ్లదే ఇయ్యి సేటూ. తొట్టి లేకుంటే దాని జరం నాకెట్ల తెలుస్తది?"

మెట్టు మీద కూలబడిన మొగిలమ్మ తలెత్తకుండానే అంది: "ఇంజన్ జరం చెయ్యి పెట్టి చూస్తవు. ఇరవయ్యేండ్లల్ల నా నొసటి మీద ఒక్కపారన్న పెట్టినవా?"

కట్టయ్య గాలి ఇంజనును చూపిస్తూ, "గదే బండెక్కియ్యి సేటూ," అన్నాడు, ఆమె వైపు చూడకుండా.