బడి లాప్‌టాప్‌లకు బిళ్లలు కట్టిన అన్న

ల్యాంప్‌రూము అన్న పోయాడని పొద్దున్నే దవాఖాన నుంచి ఫోనొచ్చింది. ముందు ఏడుపు రావాలి. నాకు భయమేసింది. ఇక బడి మీది సోలార్ ప్లేట్లు ఎవరు తుడుస్తారు? సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

మా ఊరు నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ గని అంచున ఉంది. ఇక్కడి బొగ్గుతో ఎక్కడెక్కడో దీపాలు వెలుగుతాయి. మా బడి కరెంటు స్తంభం మాత్రం గాలివానకు పడి మళ్లీ లేవలేదు. గని కోసం ఎలాగూ ఖాళీ చేయించే ఊరికి స్తంభమెందుకని అందరూ ఊరుకున్నారు. ఎవరో దాతలు ఎండతో నడిచే లాప్‌టాప్‌లు ఆరు ఇచ్చారు. గనిలో బ్లాస్టింగ్ అయినప్పుడల్లా ప్లేట్ల మీద దుమ్ము పరుచుకుంటుంది. రెండు రోజులు తుడవకపోతే ఆరూ మూగబోతాయి.

అన్న ఉద్యోగమంతా పాత భూగర్భ గని ల్యాంప్‌రూములోనే. గనిలోకి దిగేవాడు అక్కడ తన ఇత్తడి బిళ్ల బోర్డుకు తగిలించి నెత్తి దీపం తీసుకోవాలి, పైకొచ్చాక దీపమిచ్చి బిళ్ల తీసుకోవాలి. షిఫ్టు అయ్యాక బోర్డు మీద బిళ్ల మిగిలిందంటే, ఒక మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నట్టు. నేనూ ఆ గనిలోనే పనిచేసేవాణ్ని; ఒకసారి దీపం ఇవ్వడం మరిచి క్యాంటీన్లో బజ్జీలు తింటూ కూర్చున్నాను. నా చదువంతా బజ్జీలు కట్టిన కాగితాల మీదే లెండి, అందుకే నా మాటకు ముందూ వెనకా ఉండదు. ఆ రోజు అన్న తిట్టిన తిట్లు మాత్రం ఏ కాగితం మీదా చదవలేదు.

రిటైరయ్యాక బడిలోనూ అదే పద్ధతి పెట్టాడు. పిల్లల పేర్లతో రేకు బిళ్లలు, గోడకో బోర్డు. మొదటిరోజు లాప్‌టాప్ ఇచ్చేముందు, గనిలోకి దిగేవాళ్లను తడిమినట్టే, అగ్గిపెట్టెల కోసం పిల్లల జేబులు తడిమాడు. రేగుపళ్లు దొరికాయి.

"కాకా, ఇది బడి, బొగ్గుబాయి గాదు!" అని టీచరమ్మ నవ్వింది.

"ఏదైతేంది బిడ్డా? బ్యాటరీ బ్యాటరీయే."

ఒక సాయంత్రం బోర్డు మీద ఒక బిళ్ల మిగిలింది, నాలుగో తరగతి పిల్లది. అన్న మా వాకిట్లోకొచ్చి అరిచాడు: "జల్ది రా తమ్మీ, ఒకరు పైకి రాలే!"

గని కంచె వెంబడి ఇద్దరం ఉరికాం. "ఫికర్ చెయ్యకే అన్నా, లాప్‌టాప్ యాడికి పోతది?" అన్నాను.

"లాప్‌టాప్ సంగతి ఎవడడిగిండురా? పిల్ల యాడుంది?"

పిల్ల ఇంట్లోనే ఉంది. వాళ్ల అవ్వకు తెర మీద ఆమె పేరు రాసి చూపిస్తోంది. అన్న గడపలో కూలబడ్డాడు. బిళ్ల పిల్ల చేతికిచ్చాడు. తిరిగి వస్తూ ఒక్కటే మాటన్నాడు: "దీపం ఇయ్యంగనే డ్యూటీ అయిపోదు తమ్మీ. మనిషి మల్లొచ్చిందాక కూసోవాలె."

దహనమైన మర్నాడు బడికి వెళ్లాను. నాలుగు లాప్‌టాప్‌లు ఆరిపోయాయి. మిగతా రెండింట్లో ఛార్జి అయిపోతోందనే ఎర్ర చుక్క. నిచ్చెన గోడకు వేశాను.

"మీరెక్కొద్దు కాకా, మోకాళ్లు బాగలేవు గదా" అంది టీచరమ్మ.

"మరి ఎవరెక్కుతరు బిడ్డా?"

ఆమె నిచ్చెన పట్టుకుంది. ఎక్కాను. మొదటి ప్లేటు తుడిస్తే అందులో ఆకాశం కనిపించింది. రెండో దాని మీద గుడ్డ పెట్టేలోగా బ్లాస్టింగ్ సైరన్ మోగింది. కాసేపటికి గని లోపలి నుంచి బూడిదరంగు దుమ్ము మబ్బొకటి లేచి, మెల్లగా మా వైపు తిరిగింది. తడిగుడ్డ చేతిలో పట్టుకుని, దిగాలో తుడవాలో తెలియక నిచ్చెన మీదే నిలబడ్డాను.