సార్ మోకాలు, రత్నమ్మక్క ప్రార్థన

ఒక మాట ఏళ్ల తరబడి నా గొంతులో కూర్చుని ఉంది. అన్నం దిగుతుంది, టీ దిగుతుంది, జోకులు పైకొస్తాయి. అది మాత్రం అటూ కదలదు, ఇటూ కదలదు. నవ్వించే మనిషినని నాకు పేరు. ఇప్పుడు చెప్పబోయేది కూడా నవ్వులాటే అనుకుంటారేమో. అనుకోండి, నాకేం. కానీ చివరిదాకా వినండి.

పేరు చెప్పను. కడప వైపు వాణ్ణి. ఏడో తరగతిలో లెక్కల సారు వెనకాలే ఆయన నడకే నడుస్తూ దొరికిపోయాను. బడి అక్కడితో సరి. ఆ విద్య మాత్రం నాతోపాటు ఖతర్ దాకా వచ్చింది.

ఇక్కడ ఒక స్పెయిన్ ఫుట్‌బాల్ ఆటగాడికి డ్రైవర్‌గా చేశాను. వింగర్ అంటారు. మైదానం అంచు గీత వెంబడి పరుగెత్తి, అడ్డొచ్చినవాణ్ణి దాటేసి, బంతిని మధ్యలోకి కొట్టాలి. అంటే బతుకంతా కాళ్ల మీదే. దోహాలో మదీనత్ ఖలీఫా అనే పేటలో క్లబ్బు వాళ్లిచ్చిన విల్లా. హాల్లో గోడ నిండా ఫ్రేములు కట్టించిన జెర్సీలు. వాటి కథ కారులో ఆయనే చెప్పేవాడు. పుట్టిన ఊళ్లో చిన్న క్లబ్బు. పిల్లవాడిగా ఉండగానే పెద్ద క్లబ్బు ఎత్తుకుపోయింది, బెంచీ మీద కూర్చోబెట్టింది. ఆ తర్వాత ఒకరికి ఏడాది అరువు, ఇంకొకరికి ఏడాది అరువు. ఇంగ్లండు వానల్లో కొన్ని మంచి రోజులు, మోకాలికి ఆపరేషను, గ్రీసు, ఆఖరికి ఈ ఎండ. ఊళ్లో నీళ్ల మోటరు కూడా ఇన్ని చేలు తిరగదు సార్ అని తెలుగులో అనేవాణ్ణి. అర్థం కాకపోయినా ఆయన నవ్వేవాడు.

మంచి మనిషి. అదే నాకు నచ్చేది కాదు. వెనక సీట్లో కూర్చోకుండా వచ్చి నా పక్కన కూర్చునేవాడు. తిన్నావా అని అడిగేవాడు. అలాంటివాణ్ణి ఏమని తిట్టుకోవాలి?

ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే. ఈ సీజను అక్కడ నిలబడి ఆడి రా, చివరి ఏడాది మా దగ్గర ఆడి మానేద్దువుగాని అంది పుట్టిన ఊరి క్లబ్బు. నిలబడ్డమే కష్టంగా ఉండేది. పొద్దున లేచేసరికి మోకాలు బూరెలా పొంగి ఉండేది. క్లబ్బుకు తెలియనివ్వలేదు. తెలిసింది నాకూ, వంట చేసే రత్నమ్మక్కకూ.

రత్నమ్మక్కది భీమవరం పక్క పల్లె. వారం వారం తెలుగువాళ్ల చర్చికి వెళ్లేది. ఇంగ్లీషు రాదు. గుడ్డలో ఐసు చుట్టి కట్టేది, వేడి పసుపు పట్టు వేసేది. ఆ పచ్చటి మోకాలు కనపడకుండా సార్ ఎండలో కూడా పొడుగు ప్యాంటే వేసుకునేవాడు. ఇక్కడ నేర్చుకున్న ఇంగ్లీషుతో వాళ్లిద్దరి మధ్యా మాటలు మోసేది నేను.

సెలవు రోజు శుక్రవారాలు, పనివాళ్లు చేరే ఏషియన్ టౌన్ బజారులో మావాళ్లంతా కలిసేవాళ్లం. అక్కడ మాకొక ఆట ఉండేది. ఎవడి యజమానిని వాడు అనుకరించి చూపించాలి. వారమంతా పడ్డ తిట్లకు అదే మా మందు. అందులో నేనే మొనగాణ్ణి. ఒక వారం నిజామాబాద్ నుంచి కొత్తగా వచ్చినవాడొకడు వాళ్ల మేడం కారెక్కే తీరు చేశాడు. జనం పడీ పడీ నవ్వారు. నా వంతు వచ్చేసరికి నా దగ్గర అంతా పాత సరుకే. నేను నోరు తెరవకముందే వాళ్లు తల దించి ఫోన్లు చూసుకోసాగారు.

అప్పుడు సార్ కారు దిగడం చేశాను. రెండు చేతులూ తొడ కింద పెట్టి కుడికాలిని ఎత్తి బయట పెట్టుకోవడం, ఎవరైనా చూశారా అని అటూ ఇటూ దిక్కులు చూడ్డం, పెదవి కొరికి, ఉన్నట్టుండి పద్దెనిమిదేళ్లవాడిలా నడవడం. "అన్నా, ఇంకోపారి చెయ్ అన్నా, నీ కాళ్లు మొక్కుత" అన్నాడు ముందు కూర్చున్నవాడు. అతను సార్ ఆడే క్లబ్బులోనే గడ్డి కోస్తాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే ఇంకోసారి చేశాను, కుంటు కాస్త పెంచి. ఎందుకు చేశావురా అని ఇన్నాళ్లూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. పెద్ద జవాబేదో ఉంటుందని వెతికాను. లేదు. నవ్వుతున్నారు, అంతే.

కొన్ని రోజులకే అతను మైదానంలో తోటివాళ్ల ముందు అదే ఆట వేశాడు. క్లబ్బు డాక్టరు చూసి, ఎవరి నడక ఇది అని అడిగాడు. సార్‌ను స్కానింగుకు పంపారు. దాంతో సార్ ఆట అయిపోయింది. పుట్టిన ఊరి క్లబ్బు కూడా ఫోను ఎత్తడం మానేసింది.

ఆ మధ్యాహ్నం నన్ను వంటింట్లోకి పిలిచి, బయట ఎవరు చెప్పారు అని అడిగాడు. అరవలేదు. రత్నమ్మక్క పొయ్యి దగ్గర చేపలు వేయిస్తోంది. నేను ఆమె వైపు కళ్లతో చూపించి, చర్చిలో అందరి ముందూ మీ మోకాలి గురించి చెప్పి ప్రార్థన చేయించింది సార్ అన్నాను. నోరు తడబడనైనా లేదు. ఆయన నమ్మలేదు. నా మోకాలి సంగతి చర్చిలో చెప్పిందేమో ఆమెనే అడుగు అన్నాడు. అడగాల్సింది నేనే కదా.

"అక్కా, తన మోకాలి కోసం ప్రార్థన చేస్తున్నావా అని అడుగుతున్నాడు."

ఆమె ముఖం వెలిగిపోయింది. గరిటె పక్కన పెట్టి చేతులు కొంగుకు తుడుచుకుంది. "చెయ్యకుండా ఎలా ఉంటానయ్యా. ప్రతివారం చేస్తున్నానని చెప్పు." నేను చెప్పేదాకా ఆగలేదు కూడా. ఆయన వైపు తిరిగి తల ఊపుతూ తనకొచ్చిన ఇంగ్లీషంతా వాడేసింది. "యెస్ సార్. యెస్ సార్."

ఆయన ఆమెను ఒక్క మాట అనలేదు. ఇంటికి పంపించేయమని క్లబ్బు ఆఫీసుకు చెప్పాడు. విమానాశ్రయానికి నేనే తీసుకెళ్లాను. సార్ దేశం వదిలి వెళ్లిపోతున్నాడు గనక నిన్ను పంపుతున్నారు అని నేనే చెప్పాను. దారంతా నవ్వించాను. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, "నువ్వుండబట్టే ఆ ఇంట్లో నాకూ ఒక నోరుందయ్యా" అంది.

తర్వాత సార్ కూడా వెళ్లిపోయాడు. వెళ్లేముందు నన్ను కౌగిలించుకుని, ఇక్కడ నాకు నిజం చెప్పినవాడివి నువ్వొక్కడివే అన్నాడు. ఆ శుక్రవారం ఆ కౌగిలింత కూడా చేసి చూపించాను. బాగా నవ్వారు.

ఆ మోకాలు ఎలాగూ పోయేదే కదా, ఆమె ఎలాగూ ఇంటికి వెళ్లాల్సిందే కదా అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. పగటిపూట నమ్ముతాను కూడా. కానీ రత్నమ్మక్క అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. సార్ కాలు ఎలా ఉందో కనుక్కోమంటుంది. ప్రార్థన మానలేదని చెప్పమంటుంది. చెప్తానక్కా అంటాను.

అక్కా, ఆ రోజు ఆయన అడిగింది ప్రార్థన గురించి కాదు. తన సంగతి బయటపెట్టావా అని అడిగాడు. లేదు అనేదానివి నువ్వు. ఆ లేదు నీ నోట్లోంచి లాగేసి, నీ చేతే యెస్ అనిపించింది నేను. బయటపెట్టిందీ నేనే. క్షమించమని అడగను. అడిగితే నువ్వు క్షమించేస్తావు, అంత తేలిగ్గా పోకూడదు ఇది.

చెప్పేశాను. నేను చెప్పిన మాటకు ఎవరూ నవ్వకపోవడం ఇదే మొదటిసారి. హాయిగా ఉంది.