గోవర్ధనన్న సగం విద్యలు

గోవర్ధనన్నకు ఒక జబ్బు ఉండేది. ఏ విద్యనైనా ప్రాణం పెట్టి మొదలుపెట్టేవాడు. కాస్త చేతికి వస్తోంది అనేసరికి వదిలేసేవాడు.

నారాయణగూడలో మా వారపత్రిక ఆఫీసు ఉండేది. తొంభై నాలుగులో నేను అక్కడ సబ్ ఎడిటర్‌గా చేరాను. కథలకూ సీరియళ్ళకూ బొమ్మలు వేసేది ఆయనే. భుజాన ఒక గుడ్డ సంచి. అందులో బొమ్మల కాయితాలతో పాటు ఆ నెల విద్య కూడా ఉండేది. ఒకసారి పిల్లనగ్రోవి, ఒకసారి ఊలు ఉండా సూదులూ, ఒకసారి చదరంగం పెట్టె.

“కథల ఉన్న మనిషి చేసే పని నేను గూడ చెయ్యాలె మాధురీ. లేకుంటే నా చెయ్యి నడవదు,” అనేవాడు.

పతంగులు ఎగరేసే పిల్లవాడి కథ వస్తే, చిక్కడపల్లిలో ఎవరిదో డాబా ఎక్కాడు. పతంగి కరెంటు తీగకు చిక్కింది, మాంజా వేలు కోసింది. అచ్చయిన బొమ్మలో ఆకాశమూ లేదు, పతంగీ లేదు. వేలు నోట్లో పెట్టుకుని తీగల వంక చూస్తున్న పిల్లవాడు మాత్రమే ఉన్నాడు. ఆ బొమ్మ చూస్తే నా వేలు కూడా చురుక్కుమంది.

మొగుడికి స్వెట్టర్ అల్లే ఇల్లాలి కథకు ఆయనే ఒక స్వెట్టర్ అల్లాడు. ఒక చెయ్యి మోచేతి దాకా వచ్చింది, రెండోది మోకాలి దాకా దిగింది. బొమ్మలో ఇల్లాలు మురిసిపోతూ స్వెట్టర్ చూపిస్తోంది. మొగుడు తలుపు వైపు చూస్తున్నాడు, పారిపోవడానికి.

మా ఎడిటర్ ఉప్పలయ్య గారు బీపీ మాత్ర వేసుకున్నాకే ఆయన బొమ్మలు చూసేవారు.

“ఏందయ్యా ఇది? కచేరీ చేస్తున్నడా, పొయ్యి ఊదుతున్నడా?”

“పిల్లనగ్రోవి సార్. బుగ్గలు గంత నొస్తయ్. నేను ఊది చూసిన.”

“కథల ఆయన పెద్ద విద్వాంసుడయ్యా!”

“నేను గంతదాక పోలె సార్.”

తొంభై అయిదు వచ్చేసరికి ఆఫీసులో నవ్వులు తగ్గిపోయాయి. జనం టీవీలకు అతుక్కున్నారు, పత్రిక అమ్మకం పడిపోయింది. యజమాని ఒక్కొక్కరినే ఇంటికి పంపిస్తున్నాడు. పొద్దున వచ్చి ఏ కుర్చీ ఖాళీ అయిందో చూసుకుని పనిలో కూర్చునేవాళ్ళం.

ఒకరోజు ఉప్పలయ్య గారు గోవర్ధనన్నను పిలిచారు.

“పత్రిక మాలిక్ నీ పేరు ఎత్తిండు. నీ బొమ్మలల్ల అందరూ చేతగానోళ్ళేనంట. గీ వారం సీరియల్‌ల పెండ్లి భోజనాల బంతి ఉన్నది. అన్నం తినుడు అందరికీ వస్తది. దాన్ని గూడ నేర్చుకుంటనని ఎటన్న పోకు. ఇది గూడ సక్కగ రాకుంటే ఇంక నా చేతుల ఏం లేదు.”

గోవర్ధనన్న నవ్వలేదు. తల ఊపి వెళ్ళిపోయాడు.

పత్రిక ప్రెస్సుకు వెళ్ళే రోజు వచ్చింది. బొమ్మ రాలేదు, మనిషీ రాలేదు. “జర పోయి తీస్కరా అమ్మా,” అని ఉప్పలయ్య గారు నన్ను అశోక్‌నగర్ పంపారు.

ఇరుకు గల్లీలో రెండు గదుల కిరాయి ఇల్లు. తలుపు తీసే ఉంది. చాప మీద భార్యాభర్తలు ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు, చెరొక పళ్ళెం ముందు పెట్టుకుని. సులోచనక్కను నేను చూడడం అదే మొదటిసారి. ఆమె కుడి చెయ్యి ఒళ్ళో పడి ఉంది, ఎవరో పెట్టి మరిచిపోయిన వస్తువులా. పళ్ళెంలో అన్నం కలిపింది కలిపినట్టే ఉంది. గోవర్ధనన్న మాత్రం ఎడమ చేత్తో తింటున్నాడు. మీసం మీద మెతుకులు, చొక్కా మీద పప్పు, చాప నిండా అన్నం.

“బొమ్మ కోసమేనా మాధురీ? ఈమె నాలుగు బుక్కలు తిన్నంక గీస్త.”

“నా కోసం నౌకరి పోగొట్టుకుంటరా? పోయి గీయుండ్రి,” అంది అక్క. ఆ గొంతులో కోపానికి కూడా సత్తువ లేదు.

ఆయన నాకు చాయ్ పెడతానని లోపలికి వెళ్ళాడు. నేను, “అన్నకు ఇది కొత్త విద్యనా అక్కా?” అని అడిగాను.

ఆమె ఒళ్ళో ఉన్న కుడి చెయ్యిని ఎడమ చేత్తో సర్దుకుంది.

“చిక్కడపల్లిల టైపు నేర్పేదాన్నమ్మా. రెండేండ్ల కింద పిల్లలకు స్పీడు చూపిస్తుంటె కుడి చెయ్యి మిషన్ మీదనే పడిపోయింది. లేవమంటె అది నా మాట ఇనలె. పక్షవాతం అన్నరు. ఎడమ చేత్తో అన్నీ అలవాటు చేసుకో అన్నడు డాక్టరు. నేను ఏదీ ముట్టలె. చేస్తె తప్పు లేకుంట చెయ్యాలె, లేకుంటె చెయ్యొద్దు, నా లెక్క గంతే. గోడ దిక్కు తిరిగి పండుకునేదాన్ని. ఎందుకు బతికిన్నో అనుకునేదాన్ని.”

“మరి?”

“ఈయన పిల్లనగ్రోవి తెచ్చిండు. కథ కోసమని. ఏం ఊదుడమ్మా అది! పక్కింటోళ్ళు కిటికీలు మూసిండ్రు. నాకు నవ్వాగలె. మర్నాడు ఎడమ చేత్తో వంకాయలు తరిగిన. ఒక్క ముక్క లెక్క ఇంకొకటి లేదు. ‘నా పాటకంటె మంచిగున్నయ్’ అన్నడు. అట్ల రోజూ ఆయన ఊదుడు, నేను కోసుడు. ఒకరోజు పాట మంచిగ పలికింది. నాకేమో గుండెల రాయి పడ్డట్టయింది. లేచి లోపలికి పోయిన. తెల్లారి చూస్తె పిల్లనగ్రోవి లేదు. ఊలు, సూదులు ఉన్నయ్.”

లోపల చాయ్ గిన్నె చప్పుడు ఆగిపోయింది. ఆయన వింటున్నాడు.

“పోయిన వారం కాచిగూడల పెండ్లికి పోయినం. నేను ఎడమ చేత్తో తింటుంటె పక్కనున్న పెద్దామె తన ఇస్తరాకు గుంజుకొని దూరం జరిగింది. అప్పటిసంది నాకు ముద్ద దిగుతలేదు. ఈయన అన్నానికి కుడి చెయ్యి కడుగుడే బంద్ చేసిండు.”

గోవర్ధనన్న చాయ్‌తో బయటికి వచ్చాడు. దొరికిపోయిన దొంగలా నవ్వాడు.

“గంతేం లేదు మాధురీ. ఇంట్ల చేతగానోళ్ళు ఒక్కరే ఉంటె గోస. ఇద్దరుంటె ఆట.”

పొద్దుటి నుంచి నేను ఏమీ తినలేదు. “నాకూ కొంచెం పెట్టండి అక్కా,” అని చాప మీద కూర్చున్నాను. అన్న వడ్డించిన పళ్ళెంలో ఎడమ చెయ్యి పెట్టాను. మొదటి ముద్ద నోటి దాకా రాకుండానే ఒళ్ళో పడింది. రెండోది గడ్డానికి తగిలింది.

సులోచనక్క భరించలేకపోయింది. “గట్ల కాదు!” అంది. అంతవరకు లేని గొంతు అది, క్లాసు చివర కూర్చున్న వాళ్ళకు కూడా వినిపించే గొంతు. “వేళ్ళు దగ్గరికి పెట్టు. ముద్ద చిన్నగ చెయ్యి. బొటనవేలుతోటి నూకాలె. ఇటు చూడు.”

చూపించడానికి ఒక ముద్ద కలిపి, నోట్లో పెట్టుకుంది. “చూసినవా?”

“సరిగ్గ కనపడలేదక్కా.”

ఇంకో ముద్ద తింది. గోవర్ధనన్న చప్పుడు చేయకుండా లేచి, మూలనున్న బల్ల దగ్గరికి పోయి కాయితం పరుచుకున్నాడు. అన్నం అయిపోయేదాకా మేమిద్దరం ఆయన వైపు చూడలేదు.

నేను బొమ్మ తెచ్చేసరికి ప్రెస్సువాళ్ళు తొందరపెడుతున్నారు. ఉప్పలయ్య గారు ఒక్క చూపు చూసి, “అబ్బ! గీసారి అందరు పని వచ్చినోళ్ళే,” అని పంపేశారు. పత్రిక బజారుకు వెళ్ళాక గానీ ఆయన సరిగ్గా చూసుకోలేదు. అప్పుడు ఒకటి కాదు, రెండు మాత్రలు వేసుకున్నారు.

“బంతిల ఉన్నోళ్ళంత ఎడమ చేత్తోనే తింటున్నరేందయ్యా?”

“ఎవరన్న మెతుకు కింద పోసిండ్రా సార్?”

ఉప్పలయ్య గారు కళ్ళద్దాలు సర్దుకుని బంతి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశారు. “లేదు,” అన్నారు.

గోవర్ధనన్న ఉద్యోగం ఊడలేదు. ఆ ఎండాకాలం పత్రికే ఊడింది. ఉప్పలయ్య గారు ఇంటికి, నేను బషీర్‌బాగ్‌లో ఒక ప్రెస్సుకు. గోవర్ధనన్న దుకాణాలకు బోర్డులు రాస్తున్నాడని విన్నాను.

కొన్నాళ్ళకు చిక్కడపల్లిలో పాత టైపు ఇన్‌స్టిట్యూట్ ముందు నుంచి పోతుంటే, లోపల తెలిసిన గొంతు వినిపించింది. వెళ్ళి చూశాను. ఊరంతా కంప్యూటర్లు నేర్చుకుంటున్న రోజులు. సగం మిషన్లకు గుడ్డలు కప్పి ఉన్నాయి. ఉన్న కొద్దిమంది విద్యార్థుల మధ్య, ఎడమ చేతిలో పెన్సిల్ పట్టుకుని సులోచనక్క నడుస్తోంది. చివరి మిషన్ దగ్గర, చెమటలు కారుస్తూ గోవర్ధనన్న.

“ఎట్లున్నడక్కా నీ స్టూడెంటు?”

“దసరాకు చేరిండు. ఉగాది వస్తున్నది, ఇంకా మొదటి పాఠమే! అంత కావాలని చేస్తున్నడు. నేను మంచిగైన, ఇంక నా కోసం నటించుడు బంద్ చెయ్యుండ్రి అంటె ఇంటలేడు,” అని విసుక్కుంటూ ఆమె ఇంకో మిషన్ దగ్గరికి వెళ్ళింది.

గోవర్ధనన్న అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరికి వంగాడు. మొహంలో నిజమైన భయం కనిపించింది.

“నీ తోడు మాధురీ. ఇది మాత్రం నిజంగనే వస్తలేదు.”

“మాటలొద్దు!” అని పెన్సిల్ బల్ల మీద కొట్టింది సులోచనక్క. “వేళ్ళు!”