దొర కన్నా ఎక్కువ మందు

సమానత్వం కోసం ఒక దొర గొంతు చించుకోవడం ఇవాళే చూశాను, అదీ పెద్దపల్లి దవాఖానలో.

మగ్గం నేసే రాజేశానికి క్షయ. స్ట్రెప్టోమైసిన్ సూది వేయించడానికి నేనే వెంట తీసుకెళ్లాను. అదే జబ్బుతో వాళ్ల ఊరి దొర మా కన్నా ముందే కుర్చీలో ఉన్నాడు. డాక్టరమ్మ ఆయనకు సగం మందే ఇచ్చి, రాజేశం కోసం సూది నిండా తీసింది. దొర కళ్లు ఎర్రబడ్డాయి.

"నాకు సగం, వానికి నిండానా? ఇద్దరికి ఒక్క తీరుగ ఇయ్యమ్మా."

"మీ గుర్దలు సరిగ్గ పనిచేస్తలేవు దొరా. మందు మూత్రంల బయటికి పోక ఒంట్లనే నిలుస్తది. నిండా ఇస్తే చెవులు పోతయి. ఆయన గుర్దలు మంచిగున్నయి."

"అయితే వానికి గూడ సగమే ఇయ్యి."

ఆయనకు తెలిసిన సమానత్వం అదీ. సగం మందుతో రాజేశం బతకడని డాక్టరమ్మ చెబుతుండగానే, రాజేశం వైపు ఒక చూపు చూసి వెళ్లిపోయాడు.

నేను వాదనకు దిగేలోపే రాజేశం మడిచిన చొక్కా చేతిని కిందికి దించుకున్నాడు.

"నాకు గూడ సగమే ఇయ్యుండ్రి అమ్మా. నేను గా ఊళ్లెనే బతకాలె."

డాక్టరమ్మ తలుపు దగ్గరికి వేసి నిండు సూదే పొడిచింది. "రేపటి సంది పొద్దుగూకినంక రా," అంది.

జాగీర్లు రద్దయ్యాయని, అందరికీ ఓటొచ్చిందని మన సంఘం సభల్లో మనమే చెబుతున్నాం. జబ్బుకు సరిపడా మందును మాత్రం ఒక మనిషి తలుపు చాటున పుచ్చుకుంటున్నాడు. మీ ఊళ్లల్లో ఇంకా ఏమేమి చాటున పుచ్చుకుంటున్నారో మీరూ చెప్పండి.