తంబూరలు శ్రుతి చేసిన మా కాక

గురువారం పొద్దున మేడ్చల్‌లో నేను పనిచేసే రైస్‌మిల్లు ఆఫీసు తాళం తీస్తుంటే ఫోన్ వచ్చింది. చేసింది మా గల్లీ కాక కొడుకు. "అన్నా, నాయిన పోయిండు. చాయ్ తాగి కుర్సీల కూసున్నడు. కూసున్నోడు కూసున్నట్టే..." అన్నాడు. నేను "సరే" అన్నాను. అలాంటి వార్తకు సరే అని ఎవరైనా అంటారా? నాకు ఆ ఒక్క మాటే వచ్చింది.

ఆ తర్వాతి సోమవారమే మా అమ్మాయికి సంగీత డిగ్రీలో ప్రవేశం కోసం ప్రాక్టికల్ పరీక్ష. నిరుడు ఆ పరీక్షలోనే తప్పింది. ఈసారీ సీటు రాకపోతే మేడ్చల్‌లో బీకాంలో చేరాలని ఇంట్లో ఒప్పందం. ఏడాదిపాటు ఆమెను ఈ పరీక్షకు తయారుచేసింది కాక. పరీక్షకు నాలుగు రోజుల ముందు ఆయన లేకుండా పోయాడు.

ఆయన మాకు చుట్టం కాదు. మచ్చ బొల్లారంలో మా గల్లీ అంతా కాక అనే పిలిచేది. నగరంలోని ఒక సంగీత కళాశాలలో అటెండరుగా పనిచేసి రిటైరయ్యాడు. తంబూరలు తుడిచి, శ్రుతి చేసి, తరగతి గదుల్లో పెట్టేవాడు. పరీక్షల రోజున తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ లోపలికి పంపేవాడు. పాడటం ఆయనకు రాదు. "నాకు పాట రాదు కొడుకా. పాట యాడ తప్పిందో మాత్రం తెలుస్తది" అనేవాడు.

ఆయన ఆ కాలేజీలో పనిచేసిన సంగతి నాకు నిరుడే తెలిసింది. ఆయన ఇంటికి నాలుగిళ్ల అవతల ఆరేళ్లుగా ఉంటున్నాం. ఎదురుపడితే తల ఊపేవాణ్ణి. ఏం పని చేసేవారు అని ఒక్కనాడూ అడగలేదు. నేను మిల్లులో లెక్కలు రాసే మనిషిని, మాటలు తక్కువ. చదువు పదో తరగతితో ఆగింది. హార్మోనియం మాత్రం భజన మండలిలో ఒక పెద్దమనిషి వేళ్లు చూసి నేర్చుకున్నాను. మా అమ్మాయి ఆరేళ్ల వయసు నుంచి శనివారం భజనలో నా పక్కన కూర్చుని పాడేది. పాట ఎత్తుకునే ముందు నా చేతివైపు చూసేది. నేను మెట్టు నొక్కితే అందుకునేది. అంతకన్నా కోరుకోవలసింది ఏమీ లేదనిపించేది నాకు.

నిరుడు ఇంటర్ అయ్యాక సంగీతమే చదువుతానంది. మా బావమరిది దుండిగల్ వైపు ఇంజనీరింగ్ కాలేజీలో సీటు మాట్లాడతానని వచ్చాడు. "బావా, పాటకు ప్లేస్‌మెంట్ ఉంటదా?" అని నవ్వాడు. దరఖాస్తు పెట్టించాను. పరీక్ష రోజున హార్మోనియాన్ని దుప్పట్లో చుట్టి, రెండు బస్సులు మారి కాలేజీకి మోసుకుపోయాను. భజన వాళ్లం ఎక్కడికి పోయినా పెట్టెతోనే పోతాం. పెట్టె లేకుండా పాట ఉంటుందని నాకు తోచలేదు.

అక్కడి మేడం మర్యాదగానే చెప్పింది. "గాత్రం పరీక్షకు తంబూర ఒక్కటే ఉంటుందండీ. వాద్యంలో చేర్పిద్దామన్నా మా దగ్గర వీణ, వయొలిన్, మృదంగం ఉన్నాయి, హార్మోనియం లేదు. పెట్టె బయట ఉంచండి." అమ్మాయి ఒక్కతే లోపలికి పోయింది. ఐదు నిమిషాల్లో బయటికి వచ్చింది.

సాయంత్రం ఆటో దిగి పెట్టె దింపుతుంటే కాక తన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏం కొడుకా, పెట్టెను యాత్రకు తీస్కపోయినవా?"

కాలేజీకి అన్నాను. ఏ కాలేజీ అని అడిగాడు. చెప్పగానే గట్టిగా నవ్వబోయి, అమ్మాయి ముఖం చూసి ఆగిపోయాడు.

"లోపట ఏమడిగిన్రు బిడ్డా?"

"నీ శ్రుతి ఏదని అడిగిన్రు."

"నువ్వేమన్నవ్?"

"మా నాయిన ఏది పెడ్తే అది అన్న."

కాక గేటు దాటి వచ్చి పెట్టెకు ఒక చెయ్యి వేశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "గా తలుపు కాడ ముప్పై ఏండ్లు నిలబడ్డ. ఒక్క మాట అడగకపోతివి గదయ్యా."

మర్నాడు ఆయనే మా ఇంటికి వచ్చాడు. చాయ్ సగం తాగి సగం వదిలేయడం ఆయన అలవాటు. మిగతాది చల్లారేదాకా మాట్లాడాడు. సంగీతం చదవడానికి మూడు దారులున్నాయని చెప్పాడు. ఒకటి పూర్తి సంగీత డిగ్రీ. ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు, కానీ ప్రాక్టికల్ పరీక్షలో నెగ్గాలి. గాత్రమో వాద్యమో ఒకటి ముఖ్యంగా ఎంచుకోవాలి, రాత పరీక్షల్లో సంగీత శాస్త్రమూ ఉంటుంది. రెండోది మామూలు బీఏలో మూడు సబ్జెక్టుల్లో ఒకటిగా సంగీతం తీసుకోవడం. మూడోది సాయంత్రం తరగతులు, ముందు సర్టిఫికెట్, తర్వాత డిప్లొమా.

"మొదటిది లగ్గం. రెండోది సుట్టరికం. మూడోది వాకిట్ల నిలబడి మంచిచెడ్డ అడుగుడు" అన్నాడు. "ఈ యేడు వాకిట్ల నిలబడు బిడ్డా. సర్టిఫికెట్‌ల చేరు. సరళీ స్వరాల కాడికెల్లి మొదలువెట్టు. వచ్చే యేడు లగ్గం సంగతి జూద్దాం."

మా బావమరిది అక్కడే ఉన్నాడు. "ఇంత చదివి ఏం జేస్తది కాకా?" అన్నాడు.

"మీ పిల్లల బళ్లె సంగీతం టీచరున్నదా?"

"ఉన్నది."

"ఆమె ఆకాశంల నుంచి ఊడివడ్డదా?"

మా ఆవిడ నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. ఏడాది గడువుకు ఆమె ఒప్పుకున్నది ఆ పూటే.

కాక దగ్గర ఒక పాత తంబూర ఉండేది. దాని కింది బుర్ర పగిలితే అతికించిన మచ్చ కనిపించేది. చేతులు కడుక్కోకుండా దాన్ని ముట్టేవాడు కాదు. తీగ కిందికి పెట్టే నూలుపోగులను అగ్గిపెట్టెలో దాచేవాడు. ఆ పోగును వెంట్రుకవాసి జరిపితే చాలు, తీగ మోత మారిపోయేది. చెవి బుర్రకు ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు. గొంతుకు ఏ ఎత్తు కుదురుతుందో తేల్చడానికి అమ్మాయితో నాలుగైదు శ్రుతుల్లో పాడించి చూసి నావైపు తిరిగాడు.

"పిల్లది ఐదో శ్రుతి. మీ మగోళ్ల భజన ఒకటిల నడుస్తది. ఇన్నేండ్ల సంది మీ చెప్పులేస్కొని నడిచింది పాపం."

తర్వాత అసలు మాట చెప్పాడు. "ఇంకోటి. ఈమె నీ పెట్టె మీద చెయ్యేసి నడుస్తాంది. ఏడాది దాక ఈమె ముందట దాన్ని తెరువకు. భజనకు గూడ తోలకు."

నాకు కష్టం కలిగింది. ఎవరూ నేర్పకుండా నేర్చుకున్న విద్య నాది. దాన్ని నేను నా బిడ్డకు ఇచ్చాను. అదే ఆమెకు అడ్డం అంటున్నాడు ఈయన. రెండు వారాలు ఆయనతో మాట్లాడలేదు. నేను ఎప్పుడూ మాట్లాడను కాబట్టి ఆయనకు తెలియదనుకున్నాను.

మూడో శనివారం భజనకు కాక వచ్చాడు. నేరుగా నా దగ్గరికి వచ్చి, అమ్మాయి కూర్చునే చోట కూర్చున్నాడు. తాళాలు తీసుకుని వాయించడం మొదలుపెట్టాడు. ఘోరంగా వాయించాడు. డోలక్ ఆయన తిరిగి తిరిగి చూశాడు. "కాకా, జర మెల్లగ" అన్నాడు ఒకరు.

"ముప్పై ఏండ్లు సప్పుడు చెయ్యకుంట నిలబడ్డ. ఇప్పుడన్న చెయ్యనియ్యిన్రి" అన్నాడు కాక.

భజన అయ్యాక, రాని పనికి ఎందుకు వచ్చారని అడిగాను. నాకు నేనుగా ఆయన్ని అడిగిన మొదటి ప్రశ్న అదేననుకుంటాను.

"నీ పక్కన జాగ ఖాళీ చేసింది నేనే గద కొడుకా. ఊకె ఎట్లుంట?"

అప్పటినుంచి ఒక్క శనివారమూ తప్పలేదు. తాళం మాత్రం చివరిదాకా కుదరలేదు.

రోజూ పొద్దున అమ్మాయి కాక ఇంటికి పోయేది. పాఠం చెప్పేది సాయంత్రం తరగతిలోని టీచరమ్మ. కాక పాఠం జోలికి పోయేవాడు కాదు. ఆయన చేయించింది ఒకటే. తంబూర మీటుతూ, తన 'స' తనకు దొరికేదాకా నోరు తెరవకుండా కూర్చోవడం. మొదట్లో అరగంట కూర్చున్నా దొరికేది కాదు. ఏడ్చేది. "ఏడువు బిడ్డా, గని మీటుడు ఆపకు" అనేవాడు. చిన్నపిల్లల్ని కూడా కాలేజీలో మేడం అని పిలిచిన అలవాటు కాబట్టి, బాగా పాడినరోజు మా అమ్మాయిని "మేడం" అనేవాడు. ఆ రోజు ఆమె ఇంటికి వచ్చే నడకలోనే తెలిసిపోయేది.

ఒక ఆదివారం శామీర్‌పేటలో తన చెల్లెలి ఇంటికి పోతూ మమ్మల్నీ తీసుకుపోయాడు. భోజనాలయ్యాక చెరువు కట్ట మీదికి నడిపించాడు. గాలి విపరీతంగా ఉంది. కరీంనగర్ రోడ్డు మీది బస్సుల హారన్లు వినిపిస్తున్నాయి. అక్కడ పాడమన్నాడు. "తంబూర లేదు కదా కాకా" అంది.

"ఇంట్ల విన్నవ్ గద. ఇన్నది యాడికి పోతది? గీడ గాలి నీ మాట వినది. నువ్వు గాలి మాట వినకు."

టీచరమ్మ నేర్పిన వర్ణం ఎత్తుకుంది. మధ్యలో శ్రుతి జారింది. జారిందని ఆమెకే తెలిసింది. ఆగి, మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. కాక నా భుజం తట్టి, "జారకపోవుడు గాదు, జారిన సంగతి తెలువాలె. ఇగ భయం లేదు" అన్నాడు. నాకు ఆనాడు అర్థం కాలేదు. ఈ మధ్య అర్థమవుతోంది. తప్పు దిద్దుకోవడం తెలిసినవాళ్లకు పక్కన ఇంకొకరు ఉండనవసరం లేదు.

అంత్యక్రియలయ్యాక శనివారం అమ్మాయి, "నేను పరీక్షకు పోను నాయినా" అంది. కాక భార్యను మేం చిన్నమ్మ అంటాం. ఆమె దగ్గర కూర్చుందామని పోయాం. అమ్మాయి ముఖం చూడగానే చిన్నమ్మకు సంగతి తెలిసిపోయింది. అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుంది.

"మీ కాక గా కాలేజీల ఉన్నన్నొద్దులు ఏ పిల్లనన్న తలుపు కాడికెల్లి వాపస్ పంపిండా?"

"లేదు."

"మరి నిన్ను నేను వాపస్ పంపాల్నా? బుధవారం నాడు గూడ నీ ముచ్చటే. గా పిల్ల సోమవారం పొద్దుగాల పెరుగు తినొద్దని చెప్పు, గొంతు పడ్తది అన్నడు. చెప్తున్న. పెరుగు తినకు. పో."

ఏడుస్తున్న అమ్మాయికి నవ్వు వచ్చింది. నాకూ వచ్చింది. చావు జరిగిన ఇంట్లో నవ్వినందుకు చిన్నమ్మ ఏమీ అనుకోలేదు. ఆమే ముందు నవ్వింది.

సోమవారం ఇద్దరమూ ఖాళీ చేతులతో బస్సెక్కాం. కాక చేసిన పనిలో ఇప్పుడు ఒక నడివయసు ఆమె ఉంది. తంబూరలు శ్రుతి చేయడం ఆమెకు నేర్పింది కాకేనట. "కాక ముందుగాల్నే చెప్పిండు, తంబూరకు ఐదో శ్రుతి పెట్టి ఉంచిన తల్లీ. గని వాళ్లు అడిగేదాక చెప్పకు" అని చెవిలో చెప్పి అమ్మాయిని లోపలికి పంపింది.

వారం తర్వాత జాబితా వచ్చింది. మా అమ్మాయి పేరు ఉంది. గాత్రం ముఖ్యంగా, నాలుగేళ్ల డిగ్రీ. జాబితా చూసి చిన్నమ్మ ఇంటికే ముందు పోయాం. మా బావమరిది మిఠాయి డబ్బాతో వచ్చాడు. ఇవన్నీ సంతోషాలే. కానీ కాకను తలుచుకున్నప్పుడు నాకు కనబడేది జాబితా కాదు, ఆ సోమవారం.

కరెంటు పోయి ఫ్యాన్లు ఆగడంతో గది తలుపు తెరిచే ఉంచారు. నేను వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాను. శ్రుతి ఏదమ్మా అని అడిగారు. "ఐదు" అంది. తంబూర మొదలైంది. చాలాసేపు ఏమీ పాడలేదు. పరీక్ష చేసేవాళ్లూ తొందర పెట్టలేదు. తర్వాత ఎత్తుకుంది. నాకు తెలియకుండానే నా కుడిచేయి తొడ మీద మెట్లు వెతకడం మొదలుపెట్టింది. మూడు స్వరాలు దొరికాయి. నాలుగోది ఆమె నిలబెట్టి మెల్లగా ఊపింది. నా వేలు ఒక మెట్టు మీదికి పోయింది, అది కాదు. పక్క మెట్టు మీదికి పోయింది, అదీ కాదు. ఆ స్వరం రెండు మెట్ల నడుమ ఎక్కడో ఉంది. అక్కడ మెట్టు లేదు. నేను వేలు ఎత్తి, అరచేయి తొడ మీద వెల్లకిలా పెట్టుకుని విన్నాను.