దగ్గుమందు పరీక్ష

మా నాయన నీళ్ల ట్యాంకర్ నడిపేవాడు. బోర్లు ఎండిపోయిన ఊళ్లకు వేసవి పొడవునా నీళ్లు చేరవేయడం ఆయన పని. ఒక సాయంత్రం అనంతపురం శివార్లలో పోలీసులు బండి ఆపి, యంత్రంలోకి ఊదమన్నారు. అంకె చట్టం ఒప్పుకునే హద్దుకు చాలా పైన నిలిచింది. కేసు రాసి లైసెన్సు తీసుకున్నారు. శిక్ష పడి లైసెన్సు సస్పెండయితే ట్యాంకర్ యజమాని వేరొకరిని పెట్టుకుంటాడు. ఆ వయసులో నాయనకు మరో బండి ఎవరూ ఇవ్వరు.

"చుక్క ముట్టలేదు పాపా. ముదిగుబ్బ కాడ నీళ్లు పట్టుకునేటప్పుడు దగ్గుమందు తాగినా, అంతే. మీ అమ్మ మీద ఒట్టు," అన్నాడు. అమ్మ పోయి అప్పటికి ఏడాది కాలేదు.

నేను డిగ్రీ కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతాను. ఒట్టును సాక్ష్యంగా లెక్కించే అలవాటు నాకు లేదు. కానీ ఆయన దగ్గు నిజం. ఆ మందులో ఆల్కహాలు ఉన్నదీ నిజం. సీసా మీద చదివాను. అందుకే నమ్మాను. నమ్మినదాన్ని రుజువు చేయాలనుకున్నాను.

వకీలు కాగితాలన్నీ తిరగేశాడు. యంత్రాన్ని సరిచూసినట్టు ఇచ్చిన ధ్రువపత్రం గడువు దాటలేదు. నోరు పుక్కిలించమని నీళ్లిచ్చి, రెండోసారి కూడా ఊదించారు. అంకె దిగలేదు.

"ఇంక మిగిలింది దగ్గుమందేనమ్మా. దాన్నే పట్టుకుందాం," అన్నాడు.

"ముందు నేను పరీక్షించి చూస్తాను సార్."

వకీలు నాయన వైపు తిరిగి నవ్వాడు. "ఏమప్పా, నీ కూతురు జడ్జి కంటే గట్టిగుండాదే!"

"చిన్నప్పట్నుంచీ అంతే సార్. పాలల్లో నీళ్లు పోసినారని పాలామెతో కొట్లాడేది," అన్నాడు నాయన, గర్వంగానే.

పరీక్ష వద్దని ఆయన అనలేదు. మందు మీద ఆయనకూ కొంత ఆశ ఉండేదేమో.

తెలిసినవాళ్ల ట్రావెల్స్ గ్యారేజీలో డ్రైవర్లను పరీక్షించే యంత్రం ఉంది. మొదట ఉత్త నోటితో ఊదాను. సున్నా. నాయన తాగానన్న మోతాదులో మందు తాగి వెంటనే ఊదాను. అంకె ఎగిరింది.

నాయన లేచి నిలబడ్డాడు. "చూసినావా! నేను చెప్పలా?" అని పక్కనున్న మెకానిక్ భుజం తట్టాడు. "చూసినావా అన్నా?"

"ఇది నోట్లో తడి మాత్రమే నాయనా. నువ్వు ముదిగుబ్బ నుంచి బండి తోలుకుని వచ్చినావు కదా, అంతసేపు ఆగల్ల."

ఆగాము. టీ వచ్చింది. ఆయన తాగాడు, నేను తాగలేదు. తర్వాత నీళ్లతో పుక్కిలించి ఊదాను. సున్నా. మళ్లీ ఊదాను. సున్నా. మూడోసారి ఊదింది పరీక్ష కోసం కాదు.

నాయన నా ముఖం చూడలేదు, యంత్రాన్నే చూస్తున్నాడు. "చాల్లే పాపా," అన్నాడు. "తాగినా."

నేను యంత్రాన్ని ఆపి మెకానిక్‌కు ఇచ్చేశాను.

వకీలు మాత్రం వదల్లేదు. "గ్యారేజీ సంగతి కోర్టుకు ఎవురు చెప్తారప్పా? నా వాదన నేను చేస్తా."

"వద్దు సార్. బిడ్డ ఊదింది గదా," అన్నాడు నాయన.

కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. జరిమానా వేశారు, లైసెన్సు కొన్ని నెలలు సస్పెండ్ చేశారు. గడువు తీరాక లైసెన్సు తిరిగి వచ్చింది. ట్యాంకర్ రాలేదు.

దగ్గు మాత్రం తగ్గలేదు. ఆ రోజు నుంచి ఆయన దగ్గుమందు ముట్టడం లేదు. మొన్న ఆల్కహాలు లేని మందు వెతికి తెచ్చి, సీసా మీది అక్షరాలు చూపించాను. ఆయన దాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుని, నిదానంగా చదివాడు.

"సీసా మీద రాసింది నువ్వు నమ్ముతావా పాపా?" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. తెలుసుకోవాలనే అడిగాడు.

ఆయన మూత తీయకుండానే సీసాను నా చేతిలో పెట్టి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, దగ్గడానికి పెరట్లోకి వెళ్లాడు.